పుట్టను చూచి కట్టిన భవనము

తెలుగుదేశమున పుట్టను ఎఱుగని బాలుడు ఉండడు. పొలముగట్లపైనను, చెఱువుకట్టల క్రిందను, పాడుపడిన గుడుల ప్రక్కను ఎఱ్ఱమట్టి గోపురములవలె నిలిచియుండు పుట్టలను మనము చిన్ననాటినుండియు చూచుచునే యున్నాము. నాగులచవితినాడు మన తల్లులు వానికి పసుపుకుంకుమలు పెట్టి, పాలు పోసి మ్రొక్కుదురు. ఆదికవికి వాల్మీకి యను పేరు వల్మీకమునుండియే వచ్చినదందురు, వల్మీకమనగా పుట్ట. వానకాలమున నేలను చీల్చుకొని వచ్చు తెల్లని గొడుగులకు పుట్టగొడుగులని పేరు పెట్టినదియు మనవారే. ఇంతటి గౌరవమును పొందిన పుట్టను కట్టినది పాము కాదు, ఋషియు కాదు, బియ్యపుగింజయంత చెదపురుగు. ఆ పురుగును మాత్రము మనము తలుపులను, పుస్తకములను తినివేయు శత్రువుగనే తలంతుము. దానికి కట్టడపు విద్య తెలియునని తలంచినవారు మనలో అరుదు.

మా యూరు మెట్టసీమలోనిది. ఊరికి తూర్పున చెఱువుగట్టు క్రింద, వేపచెట్టు నానుకొని, మనిషి ఎత్తు పుట్ట యొకటి ఉండెడిది. చవితినాడు నాయనమ్మ వెంట నేనును అచ్చటికి పోయెడివాడను. ఒకసారి ఆమె పాలు పోయుచుండగా, "ఇంత పెద్దది ఎవరు కట్టారు నాయనమ్మా?" అని అడిగితిని. "లోపల నాగేంద్రుడున్నాడురా నాయనా, మాట్లాడకుండా దణ్ణం పెట్టుకో" అని ఆమె చెప్పెను. ఆ వయసున నాకు ఆ జవాబు చాలినది. తరువాత పెక్కేండ్లకు, ఉపాధ్యాయుడనై పట్టణమున స్థిరపడిన పిమ్మట, చెదపుట్టలను గూర్చి ఆలోచించి ఒక దూరదేశమున దుకాణములతోను, కార్యాలయములతోను కూడిన పెద్ద భవనమును కట్టిరని చదివితిని. ఆ నగరమును నేను కంటితో చూడలేదు. అయినను నాటినుండి దానిని గూర్చి దొరకినదెల్ల చదువుచు వచ్చితిని. ఎండలు మండు దేశమున పుట్టినవారందఱును వినదగిన సంగతులు అందు కలవు.

ఆ నగరము హరారే. ఆఫ్రికాఖండపు దక్షిణభాగమునందలి జింబాబ్వే దేశమునకు రాజధాని. జింబాబ్వే యను మాటకు అచ్చటి షోనా భాషలో రాతియిండ్లు అని అర్థము చెప్పుదురు. గ్రేట్ జింబాబ్వే యను ప్రాచీన నగరమున, సున్నము లేకయే పేర్చిన రాతిగోడలు నేటికిని నిలిచియున్నవి. హరారే నగరము సముద్రమట్టమునకు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున నున్నది. అందుచేత పగలు ఎండ ఎంత కాచినను రాత్రులు చల్లబడును. పగటి వేడికిని రాత్రి చల్లదనమునకును 10 డిగ్రీలకు పైబడిన తేడా ఉండుట అచ్చట పరిపాటి. పాఠకులు ఈ యొక్క సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆ భవనము నిలిచినది దీనిమీదనే.

లోకమున పెద్ద నగరములన్నింటను నేడు ఒకే తీరు భవనములు లేచుచున్నవి. నలువైపుల అద్దపు గోడలు, మూసిన కిటికీలు, లోపల రేయింబవళ్లు పనిచేయు ఏసీ యంత్రములు. చలిదేశములలో అద్దపు గోడకు అర్థము కలదు. అది సూర్యుని వేడిమిని లోనికి రానిచ్చి నిలుపుకొనును. వేడిదేశములలో అదే అద్దము ఎండను లోనికి పిలుచును, యంత్రము దానిని వెలుపలికి తఱుమును. ఒక చేత పొయ్యి రగిలించి మఱియొక చేత విసనకఱ్ఱ పట్టినట్లు ఈ పని సాగుచుండును. హరారేలో ఓల్డ్ మ్యూచువల్ అను సంస్థ పెద్ద భవనమొకటి కట్టదలంచినప్పుడు ఈ దారిని త్రొక్కలేదు. ఆ యంత్రములను విదేశములనుండి తెప్పింపవలెను; వాని విడిభాగములకును, మరమ్మతులకును ఏటేట ధనము పోయవలెను. కావున ఏసీ యంత్రములు లేకయే భవనము చల్లగా నుండు ఉపాయమును ఆలోచింపుమని వాస్తుశిల్పిని కోరిరి. ఆ శిల్పి మిక్ పియర్స్. ఆయన 1938లో ఆ నగరముననే జన్మించినవాడు. అరప్ సంస్థ ఇంజనీర్లు ఆయనకు తోడైరి. 1996లో ఆ భవనము పూర్తియయ్యెను. దాని పేరు ఈస్ట్‌గేట్ సెంటర్.

పియర్స్ తన నేలమీద వేడిని ఓర్చుకొని బ్రదుకుచున్నవాని నెల్ల పరికించెను. చెదపుట్ట వానిలో మొదటిది. చెదపురుగులలో కొన్ని జాతులు పుట్ట క్రింద నేలలో బూజుతోటలు పెంచుకొని, ఆ బూజును తిని జీవించును. లక్షలకొలది పురుగులును, ఆ బూజును కలిసి శ్వాసించుచుండ లోపలి గాలి చెడక నిలువవలెను. పుట్టలోని సన్నని దారులు గాలి రాకపోకలకే యున్నవని ఆనాటికి శాస్త్రజ్ఞులు గ్రహించియుండిరి. మార్టిన్ లూషర్ అను స్విస్ శాస్త్రవేత్త 1961లో దీనిని గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. గూటిలో పుట్టిన వేడిగాలి తేలికయై పైకి లేచును, పుట్ట గోడలయందలి దారులలో చల్లబడి, శుభ్రపడి మరల క్రిందికి దిగును అని ఆయన వివరణము. వేడిగాలి పైకి పోవునను ఈ సులభసూత్రమును పియర్స్ తన కట్టడమునకు మూలముగా గొనెను.

ఈస్ట్‌గేట్ రెండు పొడవైన భవనముల జంట. ఒక్కొక్కటి తొమ్మిది అంతస్తులు. రెండింటి నడుమ వీధివలె విశాలమైన ఖాళీ స్థలము కలదు. దానిపై అద్దపు కప్పు వేసి, ఇరుప్రక్కల గాలికి దారి విడిచిరి. క్రింది రెండంతస్తులలో దుకాణములు, పైని ఏడంతస్తులలో కార్యాలయములు. నడిమి స్థలమునందలి నీడపట్టు గాలిని పంకాలు లోనికి లాగి, భవనపు మధ్యభాగమున నిలువుగా పోవు గొట్టములలోనికి పంపును. అచ్చటినుండి ఆ గాలి ప్రతి యంతస్తున నేల క్రింది బోలుదారులలో ప్రవహించి, కిటికీల అడుగుననున్న జాలరులగుండ గదులలోనికి వచ్చును. మనుష్యుల వలనను, దీపముల వలనను వేడెక్కిన గాలి పైకి లేచి, కప్పు దగ్గఱి రంధ్రములగుండ పోయి, మిద్దెపై వరుసగా నిలిచిన 48 పొగగొట్టములవంటి గొట్టములద్వారా ఆకాశమున కలియును.

ఇందులో మర్మమంతయు రాత్రివేళ జరుగు పనిలో నున్నది. పగటిపూట పంకాలు మెల్లగా తిరిగి గంటకు రెండుసార్లు మాత్రమే లోపలి గాలిని మార్చును. చీకటి పడి వెలుపల చల్లబడగనే పెద్ద పంకాలు తిరుగసాగును. అప్పుడు గంటకు పదిసార్లు గాలి మారును. ఆ చల్లగాలి నేలలోని కాంక్రీటును తాకుచు పోవుటచే తెల్లవాఱునప్పటికి కట్టడమంతయు చల్లబడియుండును. తెల్లవాఱుజామున రాతి అరుగుమీద కూర్చున్నవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. రాత్రి చల్లదనమును రాయి ప్రొద్దెక్కువఱకును దాచియుంచును. ఆ దాచిన చల్లదనమునే మఱునాడు పగలంతయు గదులకు కొలది కొలదిగ పంచిపెట్టుదురు. గాలి తాకు తావు ఎక్కువగుటకై బోలుదారులలోని కాంక్రీటును పండ్లవలె పొడుచుకొని వచ్చునట్లు పోతపోసిరి. పంకాలకు విద్యుత్తు కావలెను. అయినను గాలిని కదలించుటకు పట్టు శక్తి, గాలిని యంత్రమున చల్లబఱచుటకు పట్టు శక్తికన్న ఎంతో తక్కువ.

భవనపు వెలుపలి రూపమునకును పరిసరములే గురువులు. జింబాబ్వే నేలయందు పెద్ద పెద్ద నల్లరాతి గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. వానిపై పాచివంటి మరకలు పట్టియుండును. ఈస్ట్‌గేట్ గోడల కాంక్రీటును పైపైన గీచి, లోని రాతిపలుకులు కనబడునట్లు చేసిరి. అందుచే ఆ గోడ చుట్టుప్రక్కల కొండరాళ్ల వన్నెనే తాల్చినది. బ్రహ్మజెముడు మొక్కకు ఒడలెల్ల గట్లును ముండ్లును ఉండి, ఒక భాగము మఱియొక భాగమునకు నీడ నిచ్చుట మనమెఱిగినదే. అట్లే ఆ భవనపు గోడనుండి కాంక్రీటు పలకలు ముందునకు పొడుచుకొని వచ్చి కిటికీలకు నీడ పట్టును. రాత్రివేళ వేడిని త్వరగా విడిచిపెట్టును. వెలుపలి గోడలో అద్దపు భాగము నాలుగవవంతు మించకుండ చూచుకొనిరి. అచ్చటి రాతిపనివారి ప్రాచీనవిద్య ఆ గోడలలో పలుకుచున్నదనియు చూచినవారు వ్రాసిరి.

ఫలితమేమనగా, శీతలీకరణ యంత్రములు కొనకుండుట వలననే ముప్పదియైదు లక్షల డాలర్లు మిగిలినవని లెక్క చెప్పిరి. హరారేలో పూర్తిగా ఏసీ యంత్రములపై నాధారపడిన తోటి భవనములకన్న దీనికి మొత్తముమీద 35 శాతము తక్కువ శక్తి పట్టినదని పోల్చి చూచినవారు ప్రకటించిరి. విద్యుత్తు ఆగినప్పుడు సైతము లోనివారు ఉక్కిరిబిక్కిరి కానక్కరలేదు; గాలి తన స్వభావముచేతనే కొంత పైకి పోవుచుండును. ఖర్చు తగ్గుటచే అద్దెలును తగ్గెను. పుట్ట పేరు చెప్పుకొని కట్టిన వింతగా గాక, వ్యాపారులు లాభముతో నడపుకొను కట్టడముగా అది నిలిచినది.

ఈ సంగతులు చదివిన దినములలోనే మా పట్టణమున ఒక షాపింగ్ మాల్ వెలసినది. పూర్వమచ్చట చింతతోపు ఉండెడిది. చెట్లను నఱికి, పడమటి దిక్కున నేలనుండి కప్పువఱకు అద్దము బిగించిరి. లోపలికి పోయిన నిజముగా సుఖముగా నుండును. వృద్ధులును పిల్లలును ఎండకు భయపడి అచ్చట సాయంకాలము వఱకు కాలక్షేపము చేయుటను నేనెఱుగుదును. ఆ సుఖమును నేను తప్పుపట్టను. కాని ఏసీ యంత్రము వేడిని చంపదు. ఒకచోటినుండి తీసి మఱియొకచోట పోయును. దానికితోడు తాను వాడుకొన్న విద్యుత్తు వేడిని సైతము చేర్చి పోయును. ఆ మాల్ వెనుక సందులో, యంత్రములు వరుసగా తగిలించిన గోడ క్రింద, అరటిపండ్లు అమ్ముకొను ఒక ముసలమ్మ ఉన్నది. చింతతోపు ఉన్ననాటినుండియు ఆమె బేరము అచ్చటనే. ఒకనాటి మధ్యాహ్నము ఆమె తట్ట సర్దుకొనుచుండగా చూచి, "ఏమమ్మా, అప్పుడే వెళ్లిపోతున్నావు?" అని అడిగితిని.

"ఏం చెయ్యను మాస్టారూ! మధ్యాహ్నమైతే ఈ గోడ కాడ పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటది. నా సంగతి సరే, పండు కూడా సాయంత్రానికి నల్లబడిపోతంది" అని ఆమె తట్టను నెత్తికెత్తుకొని పోయెను.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఎండలో కూలిపని చేయువారును, వీధులలో బ్రదుకువారును, వృద్ధులును ఇట్టి వేసవులలో ముందుగా దెబ్బతిందురు. చల్లదనము కొనుక్కొనగలవారి గదులనుండి వెడలిన వేడి, కొనుక్కొనలేనివారి వీధిలో పడుచున్నప్పుడు, భవనమును ఎట్లు కట్టవలెనను ప్రశ్న శిల్పులకు మాత్రమే సంబంధించినది కాజాలదు. అది న్యాయమునకు సంబంధించిన ప్రశ్నయు అగును. ఈస్ట్‌గేట్ తన వేడిని మిద్దెపైనుండి ఆకాశమునకు విడుచును గాని బాటసారి ముఖమున విసరదు. దానిని గూర్చి చదివినప్పుడు నా మనస్సును మిక్కిలి ఆకట్టుకొన్నది ఈ విషయమే.

అట్లైన మనమును ఈస్ట్‌గేట్ వంటి భవనములనే ఊరూర కట్టుకొందమా? తొందరపడరాదు. పుట్టను గూర్చిన కథ 1996తో ముగియలేదు. స్కాట్ టర్నర్ అను జీవశాస్త్రజ్ఞుడును, రూపర్ట్ సోర్ అను ఇంజనీరును ఆఫ్రికాలో పుట్టలను ఏండ్ల తరబడి పరిశీలించి 2008లో తమ అభిప్రాయమును ప్రకటించిరి. పుట్ట తన గూటిని చల్లబఱచు యంత్రము కాదు. గూటి వేడిమి చుట్టునున్న నేల వేడిమిని బట్టియే మాఱుచుండును. పుట్ట ఊపిరితిత్తివలె గాలి తెరల సాయమున లోని చెడుగాలిని వెడలించి మంచిగాలిని తెచ్చుకొనును అని వారి నిర్ణయము. 2015లో మఱికొందఱు శాస్త్రజ్ఞులు మన దక్షిణభారతమందలి పుట్టలలో పరికరములు దించి చూచిరి. పగలు ఎండకు పుట్ట వెలుపలి భాగము ముందుగా వేడెక్కును. అచ్చటి గాలి పైకి లేచి, నడుమ గాలి క్రిందికి దిగును. రాత్రి వెలుపలి భాగము ముందుగా చల్లబడును. అప్పుడు గాలి దారి తిరుగబడును. ఈ రేయింబవళ్ల ఊగుటయే పుట్టకు ఊపిరియని వారు తేల్చిరి.

చూడుడు: శిల్పి అనుసరించిన వివరణము పూర్తిగా సరియైనది కాదు, అయినను ఆయన భవనము చక్కగా పనిచేయుచున్నది. ఏలయనగా ఆయన పుట్ట ఆకారమును అనుకరింపలేదు. తన ఊరి రాత్రులు చల్లనివను సత్యమును పట్టుకొనెను. మన పుట్టలు సైతము పగటికిని రాత్రికిని గల తేడాతోనే బ్రదుకుచున్నవని తరువాత తెలియుట ముచ్చటైన సంగతి. అదే పియర్స్ ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరపాలక సంస్థకు కౌన్సిల్ హౌస్ 2 అను కార్యాలయభవనమును నిర్మించుటలో పాలుగొన్నాడు. 2006లో ప్రారంభమైన ఆ భవనము ఈస్ట్‌గేట్‌ను పోలియుండదు. పడమటి గోడకు ఎండననుసరించి కదలు కొయ్య తలుపులు, నీటిజల్లుతో గాలిని చల్లబఱచు గోపురములు అందు కలవు. నేల మాఱినది, కావున కట్టడము మాఱినది.

మన కోస్తాతీరమున వేసవి రాత్రులు హరారే రాత్రులవలె చల్లబడవు. ఉక్కపోత తెల్లవాఱినను విడువదు. కాంక్రీటులో దాచుకొనుటకు అచ్చట చల్లదనమే తక్కువ. కాని ఆ నేల తన పాఠమును ఏనాడో చెప్పియున్నది. గోదావరి ప్రాంతపు మండువా లోగిళ్లను చూచినవారికి అది తెలియును. నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా, నలువైపులనుండి దానివైపు వాలిన పెంకుల కప్పు, వెలుపల నీడ నిచ్చు వసారా. వేడిగాలి పైకి పోవుటకు దారి, చల్లగాలి లోనికి వచ్చుటకు దారి, ఎండ గోడను తాకకుండుటకు అడ్డు — ఈ మూడును పేరు తెలియని మేస్త్రీలు ఇంటిలో అమర్చిరి. తెలంగాణ, రాయలసీమ మెట్టలలో గాలి పొడిది. అచ్చట నీటితడియు, మందపు గోడలును పనికి వచ్చును. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను నడుమ ముంగిలి చుట్టును కట్టి, జాలీ గోడలను, గాలిగోపురములను అమర్చిరి. పాతవిద్యకు నేటి భవనములలోను చోటు కలదని దానివలన తెలియుచున్నది.

కట్టియున్న మాల్‌లను పడగొట్టనక్కరలేదు. పడమటి అద్దమునకు వెలుపలనే నీడ నేర్పఱచిన చాల వేడి తగ్గును. లోపల తెర వేసిన, ఎండ అప్పటికే ఇల్లు చేరియుండును. నడిమి కప్పున వేడిగాలి పోవుటకు తలుపులు తెఱవవచ్చును. మిద్దెకు తెల్లపూత పూయవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు కారణము మిద్దెలు ఎండను త్రాగకుండుటయే. వాహనములు నిలుపు స్థలమున వేప, కానుగ మొక్కలు నాటవచ్చును. యంత్రములు తప్పని చోట వానిని సందులో గోడకు గాక మిద్దెపైకి చేర్చవచ్చును. ఇవన్నియు ఒక్కనాడు జరుగవు, ఒక్కటొక్కటిగ జరుగవలెను.

ఈ పాఠము చదువు బాలబాలికలలో కొందఱు రేపు ఇంజనీర్లు కాగలరు, కొందఱు మేస్త్రీలు, కొందఱు దుకాణదారులు కాగలరు. ఎవరైనను గోడ లేపుటకు ముందు ఆ నేలను కొన్ని ప్రశ్నలడుగవలెను. ఇచ్చట గాలి ఏ వేళ ఏ దిక్కునుండి వచ్చును? రాత్రి ఎంత చల్లబడును? ఈ చోట ఇంతకుముందు ఏ చెట్టు ఎవరికి నీడ నిచ్చెను? మన కట్టడము విడుచు వేడి ఎవరి ముంగిట పడును? వీనికి జవాబులు పుట్టలోను, కొండరాతిలోను, పాత యింటి వసారాలోను, సందులో కూర్చున్నవారి మాటలోను దొరకును. వెదకువారికి కొంత ఓర్పు కావలెను.